నవల బాగాలేదంటే విశ్వాసం పోదు

నస్పూర్, శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీల్లో పుస్తకాలు చదివేవాళ్ల మధ్య రెండు అభిప్రాయాలు గట్టిగా పాతుకుపోయాయి. దేవుని కోసం రాసిన నవలలో తప్పులు ఎంచకూడదన్నది మందిరంలో వినిపించే మాట. డిటెక్టివ్ నవల మీద అభిప్రాయం చెప్పడం దండగ అన్నది సాహిత్య సభల్లో వినిపించే మాట. మొదటి రకం నవలను విమర్శకు అందనంత ఎత్తులో కూర్చోబెట్టారు. రెండో రకాన్ని విమర్శకు తగనంత కిందికి తోసేశారు. చెప్పేవాళ్లు వేరు, చెప్పే కారణాలు వేరు, జరిగేది మాత్రం ఒకటే. చదివినవాళ్లు నోరు మూసుకుంటారు. రాసినవాళ్లకు తమ కథ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ కూలిపోయిందో తెలియకుండా పోతుంది. ఈ రెండు మాటలూ తప్పని చెప్పడానికే రాస్తున్నాను.

నేను ఆదివారం ఆరాధన తప్పనిదాన్ని. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక సస్పెన్స్ నవల పట్టుకుంటే చివరి పేజీ దాకా వదలనిదాన్ని. ఈ రెండు రకాల పుస్తకాలూ నాకు ఇష్టం కాబట్టే ఈ గొడవ.

ముందు మందిరం సంగతి. ఈమధ్య ఒక క్రైస్తవ నవల చదివాను. పేరు చెప్పను, ఎందుకంటే అలాంటివి ఇంతకుముందూ చదివాను, నా ఫిర్యాదు ఆ ఒక్క రచయిత మీద కాదు. అందులో భర్త తాగుతాడు, కొడతాడు. భార్య ప్రార్థన చేస్తుంది. జీతం బ్యాంకులో పడ్డ రోజు ఆమె బిడ్డ స్కూలు ఫీజు చీటీ కొంగున ముడేసుకుని, భర్త కంటే ముందే పోయి ఏటీఎం దగ్గర నిలబడుతుంది. ఆ ఘట్టం చదువుతుంటే నాకు గొంతు పట్టుకుంది. రాసినవారికి మన బతుకు తెలుసు. కానీ చివరి అధ్యాయంలో భర్త కూటానికి పోతాడు, ఏడుస్తాడు, మోకరిస్తాడు. ఆ తర్వాత నాలుగు పేజీల్లో తాగుడు పోయింది, అప్పు తీరింది, బిడ్డకు సంబంధం కుదిరింది, అత్తగారి రోగం నయమైంది. ఏటీఎం దగ్గర నిలబడ్డ ఆ ఆడమనిషి మాత్రం ఎక్కడికో మాయమైపోయింది.

ఈ మాటే మా సంఘంలో ఒక పెద్దాయనతో అన్నాను. "దేవుని పనికి వంకలు పెట్టద్దు బిడ్డా. దాన్ని చదివి ఒక్క ఆత్మ రక్షణ పొందినా చాలు గదా" అన్నారు. ఆయన మంచి మనిషి, నా మేలు కోరే అన్నారు. అయినా ఆ మాటను నేను ఒప్పుకోను.

ఆ నవల ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి. మన క్వార్టర్లలో భర్త తాగుడు మానాలని ఏళ్ల తరబడి ఉపవాసాలు ఉంటున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల భర్తలు మానలేదు. కొందరు మానారు, మళ్లీ మొదలుపెట్టారు. అలాంటి ఆమెకు ఈ నాలుగు పేజీలు ఏం చెబుతాయి? కథలో ఆమెకు జరిగింది, నీకు జరగలేదంటే నీ ప్రార్థనలోనే ఏదో లోపం ఉందని చెబుతాయి. ఓదార్చడానికి రాసిన పుస్తకం నేరం తెచ్చి ఆమె నెత్తిన పెడుతుంది. ఒక ఆత్మ రక్షణ పొందుతుందని లెక్కవేసేవాళ్లు, ఇలా నలిగిపోయే ఆత్మల లెక్క కూడా వేయాలి.

దేవుని పక్షాన రాసిందాన్ని తప్పుపట్టకూడదనేవాళ్లు యోబు గ్రంథం మళ్లీ తెరిచి చూడాలి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లే. ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న మనిషి ముందు చేరి, నువ్వు ఏదో పాపం చేసే ఉంటావు, ఒప్పుకుంటే అన్నీ తిరిగి వస్తాయని లెక్క చెప్పారు. మన నవలల చివరి అధ్యాయం చెప్పే లెక్క కూడా అదే. యోబు మాత్రం నిలదీశాడు, వాదించాడు, తాను పుట్టిన రోజును శపించాడు. చివరికి దేవుడు కోపగించుకున్నది ఆ ముగ్గురి మీద. తన గురించి సరిగా మాట్లాడినవాడు యోబేనన్నాడు. ఆ ముగ్గురి కోసం యోబే ప్రార్థన చేయాల్సి వచ్చింది. దేవుడి తరఫున చెప్పినా తప్పు తప్పేనని ఇంతకంటే గట్టిగా ఏ గ్రంథం చెబుతుంది?

యోబుకు కూడా చివర అన్నీ రెట్టింపుగా రాలేదా అని అడుగుతారు. వచ్చాయి. నలభై రెండు అధ్యాయాల గ్రంథంలో ఆ రావడం చివరి కొన్ని వచనాలు. దానికి ముందంతా బాధ, ప్రశ్న, జవాబు రాని రాత్రులు. మన నవలల్లో బాధ తొందరగా గడిచిపోతుంది, ప్రశ్న అసలు నోరే విప్పదు.

క్రీస్తు చెప్పిన కథలను చూసినా ఇదే. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు ఇంటికి వస్తాడు, విందు జరుగుతుంది, పాటలు వినిపిస్తాయి. పెద్దకొడుకు మాత్రం కోపంతో బయటే నిలబడతాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలుతాడు. కథ అక్కడే ఆగిపోతుంది. పెద్దవాడు లోపలికి పోయాడా లేదా? లూకా చెప్పలేదు. రెండు వేల ఏళ్లుగా వింటున్నవాళ్లు ఎవరికి వాళ్లు తేల్చుకుంటున్నారు. ఆ కథను మన రచయితలు రాసి ఉంటే పెద్దకొడుకు కూడా ఏడ్చి, తమ్ముణ్ణి కౌగిలించుకుని, విందులో కూర్చునేవాడు. మనం చప్పట్లు కొట్టేవాళ్లం.

ఇంకో మాట ఉంది, పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. "తెలుగులో క్రైస్తవ నవలలు రాసేవాళ్లే తక్కువ, ఉన్న నలుగురిని నిరుత్సాహపరచొద్దు." దీనికి జవాబు మన బొగ్గుబాయిల్లోనే ఉంది. పని మొదలయ్యే ముందు సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి బండ ఒక తీరుగా మోగుతుంది, లోపల విడిపోయిన బండ బోలుగా పలుకుతుంది. బోలుగా పలికిన చోట కార్మికుల మనసు నొప్పించడం ఎందుకని సర్దార్ ఊరుకుంటే ఏమవుతుందో ఆర్కే బాయిల్లో, ఎస్సార్పీ బాయిల్లో పనిచేసిన ఏ ఇంటికైనా తెలుసు. రచయితకూ అలా తట్టి చెప్పేవాళ్లు కావాలి. ఫలానా చోట నమ్మలేదని పాఠకురాలు చెబితే రెండో నవలలో ఆ చోటు గట్టిపడుతుంది. "ఎంత దీవెనకరంగా ఉందో" అని మాత్రమే వింటే రెండోదీ మొదటిదానిలాగే వస్తుంది. నిజానికి వస్తోంది కూడా.

క్రైస్తవ వస్తువుకు రాయితీ మార్కులు అవసరం లేదని తెలుగులోనే రుజువైంది. గుర్రం జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అది కవిత్వంగా నిలబడింది, కవిత్వంగానే తూకానికి వచ్చింది.

నవలల్లో చూస్తే జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' ఉంది. 2000లో వచ్చింది. రూతు జ్ఞాపకాల మీదుగా తరాల కథ నడుస్తుంది. ఎల్లన్న ఆట, పాట, కరువులో వలస, శివయ్య సీమోను కావడం, మతం మారినా కులం వెంటపడి రావడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ నవల చివరికి విప్లవం వైపు తిరుగుతుంది కాబట్టి అది క్రైస్తవ నవల కాదని మందిరంలో కొందరు పక్కన పెడతారు. నేను అలా అనను. మన తాతలు ఎందుకు బాప్తిస్మం తీసుకున్నారో, తీసుకున్నాక ఏం దక్కిందో, ఏం దక్కలేదో ఇంత నిజాయితీగా అడిగిన తెలుగు నవలను నేను ఇంకోటి చదవలేదు. అభిప్రాయం చెప్పమంటే లోపం కూడా చెబుతాను. ఎల్లన్న తరం దగ్గర రచయిత తనివితీరా ఆగాడు, చివరి తరాల దగ్గర పరుగెత్తాడు. ఎల్లన్నను చూసినంత దగ్గరగా ఆఖరి తరం పిల్లలను చూడలేకపోయాను. ఈ మాట అన్నంత మాత్రాన ఆ నవల మీద నా గౌరవం తరగదు.

సంఘం కోపం వల్ల మంచి క్రైస్తవ నవలకే దెబ్బ తగిలిన సందర్భం ఒకటి చెప్పాలి. ఇంగ్లిష్ రచయిత గ్రాహం గ్రీన్ 1940లో 'ది పవర్ అండ్ ది గ్లోరీ' రాశాడు. మెక్సికోలో గుళ్లు మూసేసి, కతోలిక గురువులను వేటాడుతున్న కాలం. కథలో తప్పించుకు తిరిగే గురువు తాగుబోతు, పైగా ఒక బిడ్డకు తండ్రి. పోలీసులు వెంటాడుతుంటే అతను ఊరూరూ దాక్కుంటూ, భయంతో వణుకుతూ, అడిగినవాళ్లకు దివ్యసంస్కారాలు ఇస్తూ పోతాడు. పట్టుబడతానని తెలిసి కూడా, చావు బతుకుల్లో ఉన్న మనిషి పిలిస్తే వెనక్కి వెళతాడు. ఉత్కంఠకు ఉత్కంఠ, విశ్వాసానికి విశ్వాసం. గురువును అలా చూపించినందుకు 1950లలో రోమ్‌లోని పవిత్ర కార్యాలయం ఆ నవలను తప్పుపట్టింది. గ్రీన్ ఒక్క వాక్యం మార్చలేదు. తర్వాత పోప్ ఆరో పౌలు ఆ నవల చదివి, కొందరికి నచ్చకపోవడాన్ని పట్టించుకోవద్దని తనతో అన్నట్టు గ్రీన్ రాసుకున్నాడు. మచ్చలేని గురువును పెట్టి రాసిన ఎన్ని భక్తి నవలలు మరుగున పడ్డాయో చెప్పలేం. ఈ తాగుబోతు గురువు మాత్రం ఇంకా చదివిస్తున్నాడు.

ఇదే గ్రీన్ తన పుస్తకాలను మొదట్లో రెండుగా విడదీశాడు. గంభీరమైనవి నవలలు, ఉత్కంఠ నవలలు కాలక్షేపాలు. కొన్నాళ్లకు ఆ విభజనను తానే వదిలేశాడు. మన సాహిత్య సభలు ఇంకా వదల్లేదు.

ఇక ఆ సభల సంగతి. ఈ బొగ్గు బెల్టులో పుస్తకాన్ని నిలబెట్టి ప్రశ్నించే అలవాటు గట్టిది. అల్లం రాజయ్య నవల మీదనో, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథ మీదనో పొద్దంతా మాట్లాడుకోగలరు. అది నేను గౌరవించే అలవాటు. కానీ అదే మనుషుల ముందు సస్పెన్స్ నవల పేరెత్తితే "టైంపాస్ సరుకు" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ ఒక్క మాటలో మంచి సస్పెన్స్ నవలకూ అన్యాయం జరుగుతుంది, చెడ్డదానికీ శిక్ష తప్పిపోతుంది.

రాసినవాళ్లెవరో చూడండి. 'త్వమేవాహం' రాసిన ఆరుద్ర, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే 'పలకల వెండిగ్లాసు' అనే డిటెక్టివ్ నవల రాశాడు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎన్ని ఇళ్లలో పిల్లలకు తెలుగు చదివే అలవాటు చేశారో ఆ తరంవాళ్లను అడగండి. ఒకప్పుడు అద్దె పుస్తకాల కొట్లలో నలిగి, అట్టలు ఊడి, దారంతో కుట్టించుకున్నవి ఈ నవలలే. నైట్ షిఫ్టుకు పోయే మనిషి సంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఉన్నవీ ఇవే. ఇంతమంది చదివిన పుస్తకం గురించి మాట్లాడకపోవడమంటే ఇంతమంది పాఠకులను లెక్కలోకి తీసుకోకపోవడమే.

కాలక్షేపానికి చదివింది మనసులో దిగదని అనుకోవడం కూడా తప్పు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' మొన్న మళ్లీ చదివాను. ఎనభైల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగునాడును ఊపేసిన నవల. ఒక చిన్నపిల్ల మీద చేతబడి, గడువు దగ్గరపడుతుంటే తల్లిదండ్రుల ఆరాటం. ఉత్కంఠ నడపడంలో యండమూరి నేర్పును కాదనడానికి లేదు. ఇన్నేళ్ల తర్వాత చదివినా పేజీ తిప్పకుండా ఉండలేకపోయాను. కానీ ఆ నవల వైద్యాన్నీ మంత్రాన్నీ ఒకే త్రాసులో పెట్టి, రెండు వైపులా సమానంగా మొగ్గు చూపిస్తుంది. పిల్లను ఏది కాపాడిందో తేల్చదు. తేల్చకపోవడం కొన్ని కథలకు అందం. ఇక్కడ మాత్రం ప్రమాదం. మన పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మంత్రాల నెపంతో మనుషులను చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ ఆ అనుమానంతోనే చంపారు. ఆ చావులకు ఒక నవల కారణమని నేను అనడం లేదు. చేతబడి నిజమేనేమో అన్న అనుమానాన్ని లక్షల మందిలో సజీవంగా ఉంచే కథను "టైంపాస్" అని వదిలేయడం తప్పని అంటున్నాను. రచయిత్రి రంగనాయకమ్మ అలా వదిలేయలేదు. ఆ నవల మీద ఘాటైన విమర్శ రాశారు. ఆమె ప్రతి మాటతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, పాపులర్ నవలకు కూర్చుని జవాబు రాయడమే ఆ నవల పాఠకులకు ఇచ్చిన గౌరవం.

సస్పెన్స్ నవలల మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే ఉంది. మొదటి అధ్యాయంలో శవం కనిపిస్తుంది, రెండో అధ్యాయం నుంచి ఆ మనిషిని అందరూ మరిచిపోతారు. చచ్చినవాడు ఒక తాళం, డిటెక్టివ్ దాన్ని తీస్తాడు, కథ అయిపోతుంది. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరు అన్నం వండారో ఎవరూ అడగరు. ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లం ఆ ప్రశ్న అడగకుండా ఉండలేం. బాయిలో ప్రమాదమన్న కబురు వచ్చి, ఎవరన్నది ఇంకా తెలియని ఆ గంటసేపు గేటు దగ్గర గుమిగూడిన ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మా ఆయన కాకూడదని మొక్కుకుంటే ఇంకొకామె భర్త కావాలని కోరినట్టవుతుందని వాళ్లకు తెలుసు. ఆ గంటను ఉన్నదున్నట్టు రాయగలిగితే దానికి మించిన సస్పెన్స్ నవల తెలుగులో ఉండదు.

చచ్చినవాళ్లను మరవని హత్య నవల ఎలా ఉంటుందో దస్తయేవ్‌స్కీ 1866లోనే చూపించాడు. తెలుగులో 'నేరము-శిక్ష'గా తెలిసిన నవల. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, అయినా చివరిదాకా ఊపిరి బిగపట్టి చదువుతాం. రస్కోల్నికోవ్ వడ్డీ వ్యాపారం చేసే ముసలామెను చంపుతాడు. అనుకోకుండా ఇంటికి వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతను కూడా చంపుతాడు. తర్వాత ఒక రాత్రి సోన్యా అనే యువతి గదిలో లాజరు మళ్లీ బతికిన ఘట్టం చదవమని ఆమెను అడుగుతాడు. ఆమె చదివే ఆ నూతన నిబంధన ఎవరిచ్చింది? లిజవేత. చంపినవాడికి చచ్చిన మనిషి పుస్తకంలోంచి పునరుత్థానం వినిపిస్తుంది. ఈ చోట చదవడం ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను. సైబీరియా జైల్లో అదే పుస్తకం అతని దిండు కింద ఉంటుంది, అతను ఇంకా తెరవలేదు. మారే దారి పొడుగ్గా ఉంటుందని, అది ఇంకో కథ అని చెప్పి రచయిత ముగించాడు. ముగింపు భాగం హడావిడిగా ఉందని చాలామంది అన్నారు, నాకూ కొంత అలాగే అనిపించింది. కానీ ఆ పుస్తకాన్ని తెరిపించకపోవడంలో ఉన్న నిజాయితీ ముందు మన నాలుగు పేజీల అద్భుతాలు నిలవవు.

భక్తి నవల, హత్య నవల రెండు వేరే లోకాలని అనుకునేవాళ్లకు ఇంకొన్ని గుర్తు చేస్తాను. దానియేలు గ్రంథంలో సూసన్న కథ కతోలికుల బైబిల్లో ఉంది, ప్రొటెస్టంట్ల బైబిల్లో లేదు. ఇద్దరు పెద్దలు ఆమె మీద అబద్ధపు నింద వేస్తారు. దానియేలు ఆ ఇద్దరినీ విడదీసి, ఏ చెట్టు కింద చూశారని వేర్వేరుగా అడుగుతాడు. ఒకడు ఒక చెట్టు చెబుతాడు, ఇంకొకడు ఇంకో చెట్టు. అబద్ధం బయటపడుతుంది. అపరాధ పరిశోధన కథల సంకలనం వేసినప్పుడు రచయిత్రి డొరొతీ సేయర్స్ ఈ కథను కూడా అందులో చేర్చింది. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పి, దోషికి తీర్పు రాజు నోటితోనే చెప్పించి, ఆ దోషి ఎవరో బయటపెట్టిన తీరు చూడండి. చెస్టర్టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ మొదటి కథలో గురువు వేషం వేసిన దొంగ ఎలా దొరికాడు? తర్కాన్ని, బుద్ధిని చిన్నచూపు చూస్తూ మాట్లాడాడు కాబట్టి. నిజమైన గురువు అలా మాట్లాడడని ఫాదర్ బ్రౌన్ పసిగట్టాడు. విశ్వాసికి ప్రశ్న పనికిరాదనే పెద్దలు ఈ కథ ఒక్కటి చదివితే చాలు.

కాబట్టి మందిరంలో పెద్దలకు నా మనవి. కూటంలో పుస్తకాల బల్ల మీద నవల పెట్టినప్పుడు, దాన్ని చదివినవాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మాట్లాడుకునే వీలు కూడా కల్పించండి. రాసినవారు దగ్గర్లో ఉంటే పిలవండి. ఏ పేజీలో కళ్లు చెమర్చాయో చెప్పండి, ఏ పేజీలో నమ్మకం పోయిందో కూడా చెప్పండి. సాహిత్య సభల మిత్రులకు ఇంకో మనవి. ఈ ఏడాది ఒక్క సభలోనైనా మన కాలనీల్లో ఎక్కువమంది చదివిన సస్పెన్స్ నవలను బల్ల మీద పెట్టి, అల్లం రాజయ్య నవలకు ఇచ్చినంత సమయం దానికీ ఇవ్వండి. ఇక మీ సంగతి. మీరు మొన్న చదివి మూసిన నవల ఏదైనా సరే, దాని గురించి మనసులో ఉన్న మాటను రాసినవారికి ఒక ఉత్తరంలోనో, ఫోన్లోనో చెప్పండి. నాకు గొంతు పట్టుకున్న ఆ నవల రచయితకు నా ఉత్తరం ఇప్పటికే పోయింది. ఏటీఎం దగ్గర నిలబడ్డ ఆ తల్లిని రెండో నవలలోకి తీసుకురమ్మని అడిగాను.